గట్టు మీది నేలవేము

చిలకలూరిపేట,
18 జూన్ 2024.

అమ్మాయ్ షారోన్,

ప్రభువు దయ వల్ల ఇక్కడ అందరం క్షేమమని మొదలుపెడదామనుకున్నాను గానీ, ఈసారి అలా రాస్తే అబద్ధమవుతుంది. ఫోను చేయకుండా ఉత్తరం ఎందుకంటావా? ఇంట్లో మాట్లాడితే మీ అత్తయ్య స్పీకరు పెడుతుంది. కొట్లో మాట్లాడితే పురుగుమందు కోసం వచ్చిన రైతులంతా చెవులు రిక్కిస్తారు. ఇది నలుగురిలో చెప్పుకునే జబ్బు కాదు.

చలికాలం నుంచి దొడ్డికి వెళ్లినప్పుడల్లా నెత్తురు పడుతోంది. మొలలనుకుని ఎవరో ఇచ్చిన పొడి వాడాను. తగ్గలేదు. గుంటూరు వెళ్లి పెద్ద డాక్టరుకు చూపించుకుంటే, కింది నుంచి గొట్టం పంపి చూసి ముక్క తీసి పరీక్షకు పంపాడు. పెద్దపేగు చివర క్యాన్సరట. ముందు కరెంటు, అదే రేడియేషను, పెట్టి మాత్రలిచ్చి, ఆ తర్వాత ఆపరేషను చేస్తారట. వచ్చే వారమే చేరమని తేదీ కూడా రాసిచ్చాడు. మీ అత్తయ్య క్రిస్టీనాకు మొలలనే చెప్పాను. మీ అమ్మకు అది కూడా చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

ఇక అసలు సంగతి. హైదరాబాదులో నాలుగేళ్లుగా నువ్వు తంటాలు పడుతున్నది ఈ జబ్బు మందు కోసమే కదా. నేలవేము చేదును కొవ్వు బుడగల్లో పెట్టి పేగు క్యాన్సరు మీదికి పంపిస్తామని పోయినసారి వచ్చినప్పుడు నువ్వే చెప్పావు. ఆ నేలవేము ఎక్కడిది? మన మిరప చేను గట్టు మీద నేను స్వయంగా కోసి, నీడన ఆరబెట్టి, లారీ ఆఫీసులో వేసి పంపిన బస్తాలే. మా వ్యాపారంలో కొత్త మందు బజారుకు రాకముందే కంపెనీ కుర్రాళ్లు నమ్మకమైన రైతుకు ఒక శాంపిల్ పొట్లాం ఇచ్చి, చేను మూలన కొట్టి చూడమంటారు. మా పేటలో ఆ పొట్లాలు పంచేది నేనే. మీ దగ్గరా అలాంటివి ఉండకపోవు. మామయ్యకు ఒకటి పంపు. అది పట్టిందంటే కోతలూ కుట్లూ తప్పుతాయి. ఆపరేషను ఎక్కడికీ పారిపోదు.

జవాబు ఇంటికి కాదు, కొట్టు చిరునామాకు రాయి.

మీ మామయ్య,
జయరావు

హైదరాబాదు,
27 జూన్ 2024.

మామయ్యా,

నీ ఉత్తరం నిన్న అందింది. హాస్టల్ మెట్ల మీద కూర్చుని చదివి ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. ఆ కోపంలోనే రాస్తున్నాను. డాక్టరు ఇచ్చిన తేదీ ఈపాటికి వచ్చే ఉంటుంది. నువ్వు వెళ్లి చేరి ఉంటే మిగతా ఉత్తరం చదవక్కర్లేదు.

చేరలేదు కదూ. నాకు తెలుసు.

మా దగ్గర శాంపిల్ పొట్లాలు ఉండవు. నేలవేములో ఉండే అసలు పదార్థం నీళ్లలో సరిగా కరగదు. మింగితే చాలా కొద్దిగా ఒంటికి పడుతుంది, పట్టినదాన్ని కాలేయం తొందరగా విరిచేస్తుంది. నీ కొట్టు భాషలో చెప్తాను. మిరపాకు మీద మందు నిలవకుండా జారిపోతుంటే నువ్వు జిగురు కలిపి కొట్టమంటావు కదా, అలాంటి తోడు దీనికీ కావాలి. గుడ్డు సొనలోనూ సోయా గింజల్లోనూ ఉండే ఒక రకం కొవ్వుతో కంటికి కనిపించని బుడగలు చేస్తాం. వాటి గోడల్లో ఈ పదార్థాన్ని ఇరికిస్తాం. దాన్నే లైపోజోమ్ అంటారు. ఆ బుడగ నెత్తుట్లో ఎక్కువసేపు తిరిగి, గడ్డ దగ్గర రక్తనాళాలు బొక్కలు పడి ఉంటాయి కాబట్టి అక్కడ ఎక్కువగా దిగుతుందని మా ఆశ. ఆశ అనే రాశాను, చూసుకో.

ఇప్పటిదాకా గాజు గిన్నెల్లో పెంచిన కణాల మీద చేశాం. ఇప్పుడిప్పుడే ఎలుకలకు ఇస్తున్నాం. మనిషికి ఎంత ఇవ్వాలో, ఎంత దాటితే చెడు చేస్తుందో మా సారుకే తెలియదు. తెలియనిది నీకెలా పంపను? నీ డాక్టరు చెప్పిన కరెంటూ ఆపరేషనూ మాత్రం తెలిసినవి. రేపే గుంటూరు బస్సెక్కు. అత్తయ్యకు చెప్పి ఎక్కు.

నీ మేనకోడలు,
షారోన్

చిలకలూరిపేట,
22 జూలై 2024.

షారోన్‌కు,

కోపం నీకే కాదు, మాకూ ఉంటుంది. కానీ నీ ఉత్తరంలో నాకు కావలసింది దొరికింది కాబట్టి నా కోపం పక్కన పెట్టాను. జిగురు మాట నాకు ముందే తట్టాల్సింది. ఇన్నేళ్లుగా రైతులకు చెబుతున్నదే కదా.

గట్టు మీద లేత నేలవేము కోయించి కషాయం కాచాను. అందులో నాటుకోడి గుడ్ల సొన, సోయా నూనె పోసి, కొత్త మిక్సీ కొని కొట్టు వెనక గదిలో పాలలా తెల్లబడేదాకా తిప్పుతున్నాను. పొద్దున్నే పరగడుపున ఒక గ్లాసు. మింగితే కళ్ల వెంట నీళ్లొస్తున్నాయి గానీ, వారం తిరక్కుండా నెత్తురు తగ్గింది. ఆసుపత్రి నుంచి ఫోను వస్తే వ్యవసాయం రోజులు, కొట్టు వదిలి రాలేనని చెప్పాను. అది అబద్ధమేమీ కాదు. వానలు పడ్డాయి, బుల్లయ్య లాంటి రైతులు పత్తి విత్తనం కోసం తెల్లారకముందే షట్టరు కొడుతున్నారు.

నాది నాటు సరుకు, నీది కంపెనీ సరుకు అని నాకూ తెలుసు. అందుకే ఇంకోసారి అడుగుతున్నాను. ముక్కూ మొహం తెలియని కుర్రాడు బండి మీద వచ్చి నా చేతిలో శాంపిల్ పెట్టి పోతాడు. సొంత అక్క కూతురు ఎలుకలకిస్తుంది, మామయ్యకు మాత్రం లేదంటుంది. మీ సారు ఒప్పుకోకపోతే నా పేరు చెప్పు. బస్తాలు పంపింది నేనేనని చెప్పు.

జయరావు

హైదరాబాదు,
30 జూలై 2024.

మామయ్యా,

నీ మిక్సీని ఎత్తి బయట పారెయ్యి.

నువ్వు చేస్తున్నది లైపోజోమ్ కాదు, చేదు ఆమ్లెట్ పిండి. మేము ఆ కొవ్వును ఒక ద్రావకంలో కరిగించి, గుండ్రటి ఫ్లాస్కు గోడకు పలచటి పొరలా ఆరబెట్టి, నీళ్లు పోసి తడిపి, సన్నటి జల్లెడల గుండా పదే పదే నెట్టి అన్నీ ఒకే సైజుకు తెస్తాం. అంత చేసినా ఫ్రిజ్‌లో పెట్టిన కొన్ని వారాలకే బుడగలు పగిలి మందు కారిపోతుంది. పోయిన నెల ఆ ఫ్రిజ్ పాడై ఒక విడత అంతా పారబోశాం. ఇంతా చేసి ఎలుక తోక నరంలోకి ఎక్కిస్తాం. నువ్వు తాగే సొన నీ కడుపులోకి వెళ్లగానే గుడ్డు అట్టులాగే అరిగిపోతుంది. అంతకు మించి ఏమీ జరగదు.

నెత్తురు తగ్గిందంటావు. ఈ జబ్బులో నెత్తురు వస్తుంది, ఆగుతుంది, మళ్లీ వస్తుంది. ఆగిన రోజున గడ్డ కూడా ఆగిందని కాదు.

ఇంకోటి కూడా చెప్పేస్తాను. నువ్వు పంపిన నేలవేము నుంచి తీసిన పదార్థం మాకు కావలసినంత శుద్ధంగా రాలేదు. సారు వద్దన్నారు. ఇప్పుడు వాడుతున్నది ఒక కంపెనీ దగ్గర కొన్న తెల్ల పొడి. నీ బస్తాలు స్టోర్ రూములో ఉన్నాయి. కాబట్టి బస్తాల లెక్కన నేను నీకు మందు బాకీ ఉన్నట్టు ఇక అడగకు.

ఆగస్టులో నువ్వు ఆసుపత్రిలో చేరకపోతే అత్తయ్యకు నేనే చెప్తాను.

షారోన్

చిలకలూరిపేట,
20 ఆగస్టు 2024.

పరిశోధకురాలు షారోన్ గారికి,

నా మొక్క పనికిరాలేదన్నమాట. ఆ ముక్క అప్పుడే చెప్పి ఉండొచ్చు. మా మేనకోడలు మన గట్టు మీది మొక్కతో మందు చేస్తోందని కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పుకుని మురిసిపోయాను. ఇప్పుడు ఎవరన్నా అడిగితే స్టోర్ రూములో ఉందని చెప్పనా?

సరే, నువ్వు ఉన్నది చెప్పేశావు కాబట్టి నేనూ దాచకుండా రాస్తాను. ఆపరేషనంటే నాకు భయం లేదు. ఆపరేషను చేశాక కడుపుకు చిల్లు పెట్టి సంచి తగిలిస్తారట. దొడ్డి అందులోకే పోతుందట. చీమకుర్తిలో రాళ్ల పాలిషింగ్ యూనిట్లో పని చేసిన మార్క్ నీకు గుర్తుండకపోవచ్చు, మన చర్చి సంఘం వాడే. వాడికి ఇలాగే సంచి పెట్టారు. ఇంట్లోవాళ్లు వాడి మంచం వసారాలో వేశారు, కంచం వేరు చేశారు. గుడికి రావడం మానేశాడు. నేను చూడ్డానికి వెళితే దుప్పటి మెడ దాకా కప్పుకుని కూర్చున్నాడు.

ఆదివారం ఆరాధనలో హార్మోనియం ముందు కూర్చునేవాణ్ణి నేను. పాట మధ్యలో ఆ సంచి చప్పుడు చేస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను? మీ అత్తయ్య పక్కన ఎలా పడుకోను? నీకు పెళ్లి కాలేదు, ఇవన్నీ రాయకూడదు. రాయించింది నువ్వే.

మీ అత్తయ్యకు చెప్పావంటే మళ్లీ నీకు ఉత్తరం రాయను.

జయరావు

చిలకలూరిపేట,
9 అక్టోబరు 2024.

షారోన్‌కు,

నీ దగ్గర్నుంచి వచ్చిన రెండు కవర్లూ విప్పలేదు. తిట్లు చదివే ఓపిక లేక సొరుగులో పడేశాను. ఈ ఉత్తరం కూడా రాసేవాణ్ణి కాదు. నిన్న పక్క కొట్టు మాబు పేపరు తెచ్చి కౌంటరు మీద పరిచాడు. జిల్లా పేజీలో నీ ఫోటో. పక్కన పెద్ద అక్షరాలతో, పేగు క్యాన్సరుకు నేలవేము విరుగుడు, సాధించిన మన ఆడపడుచు, అని ఉంది. మన ఊరి విలేకరి ప్రభు రాశాడు. ఎలుకల్లో గడ్డ సగానికి సగం తగ్గిందట.

నాకు మాత్రం ఆశ అని రాశావు. మనిషికి ఎంత ఇవ్వాలో తెలియదన్నావు. పేపరు వాళ్లకు చెప్పడానికి తెలిసింది, మామయ్యకు చెప్పడానికి తెలియలేదా? ఇన్నాళ్లూ నన్ను పిచ్చివాణ్ణి చేశావు. నెత్తురు మళ్లీ పడుతోంది, బరువు తగ్గాను, చొక్కాలు వదులయ్యాయి. అయినా నీ మీద కోపంతో కాదు, సంతోషంతోనే ఆ పేపరు ముక్కకు ప్లాస్టిక్ అతికించి కొట్లో తగిలించాను. మాబు తోడల్లుడికి కూడా ఇదే జబ్బట, నా మందు కావాలన్నాడు. సీసాలో పోసి ఇచ్చాను.

వచ్చే వారం హైదరాబాదు వస్తున్నాను. కాగితాల మీద సంతకాలు కావాలంటే పెడతాను. నన్ను కూడా ఒక ఎలుక అనుకుని ఇవ్వండి. ఏదైనా అయితే మీ పూచీ లేదని రాసిస్తాను.

మీ మామయ్య

హైదరాబాదు,
14 అక్టోబరు 2024.

మామయ్యా,

నువ్వు బయలుదేరవు. ఎందుకంటే నీ ఉత్తరం చదివిన వెంటనే అత్తయ్యకు ఫోను చేశాను. మొలలు కాదు, క్యాన్సరని చెప్పాను. నువ్వు ఉత్తరాలు మానేస్తావని ఇన్నాళ్లూ ఆగాను గానీ, ఆ సీసా సంగతి చదివాక ఇక ఆగలేకపోయాను. నీ ప్రాణం మీద నీకు హక్కుందని నువ్వు అనొచ్చు, మాబు తోడల్లుడి మీద లేదు. జూన్‌లోనే నీకు తెలిసిందని మాత్రం అత్తయ్యకు చెప్పలేదు. అది నువ్వే చెప్పుకోవాలి.

పేపరు సంగతి. మా సారు ఇచ్చిన నోటులో ఎలుకలు అని ఉంది, తొలి ఫలితాలు అని ఉంది. ప్రభు ఆ రెండూ కిందికి తోసి పైన విరుగుడు అని పెట్టాడు. నేను ఫోను చేసి అడిగితే, "అక్కా, మన ఊరి పేరు పేపర్లో పడిందిగా, ఇంకేం కావాలి" అన్నాడు.

సగానికి తగ్గిందంటే ఏమిటో విను. ఎలుక చర్మం కింద మేమే గడ్డ నాటాం. మందు ఇవ్వని ఎలుకల్లో అది ఎంత పెరిగిందో, ఇచ్చిన ఎలుకల్లో అందులో సగం పెరిగింది. పెరగడం మానలేదు. ఒక్కదానిలోనూ పూర్తిగా పోలేదు. కొలవడం కోసం చివరికి అన్నింటినీ చంపేశాం. ఎలుకగా తీసుకోమంటున్నావు కదా, మా మందు తీసుకున్న ఎలుకల్లో ఈరోజు ఒక్కటీ బతికి లేదు.

విప్పని ఆ కవర్లు విప్పు. అందులో తిట్లు లేవు. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు చేస్తే చాలామందికి ఆ సంచి కొన్ని నెలలకే తీసేస్తారని, మీ డాక్టరును ఆ మాట అడగమని రాశాను. సంచి గురించి నువ్వు రాసినప్పుడు నాకు నవ్వు రాలేదు, అసహ్యం వేయలేదు. నాలుగేళ్లుగా నేను చదువుతున్నది ఈ జబ్బు గురించే. వెళ్లు మామయ్యా. బతిమాలుతున్నాను.

షారోన్

గుంటూరు,
2 మార్చి 2025.

షారోన్‌కు,

బతికే ఉన్నాను. నీకు కృతజ్ఞతలు చెప్పడానికి రాయడం లేదు.

నువ్వు ఫోను చేసిన పూట మీ అత్తయ్య కొట్టుకు వచ్చి, రైతులందరి ముందు షట్టరు కిందికి లాగింది. "ఏందయ్యా, చచ్చేటప్పుడు కూడా నాకు మొలలనే చెప్దామనుకున్నావా?" అంది. మిక్సీని మాత్రం పారేయలేదు, ఇంటికి తీసుకుపోయింది. మాబు ఇంటికి కూడా ఆవిడే వెళ్లి సీసా వెనక్కి తెచ్చి, వాళ్ల తోడల్లుడిని ఆసుపత్రికి పంపించింది.

ఆ తర్వాత కరెంటు పెట్టారు, మాత్రలిచ్చారు, పోయిన నెల ఆపరేషను చేశారు. గడ్డ కిందికి దిగి మలద్వారం కండరం దాకా వచ్చిందట. సంచి ఇక ఉన్నన్నాళ్లూ ఉంటుందట. నీ రెండు కవర్లూ ఆసుపత్రి మంచం మీద విప్పాను. కొన్ని నెలలకే తీసేస్తారు అన్న చోట కాగితం మడిచి దిండు కింద పెట్టేశాను.

ఇప్పుడు మళ్లీ ఆరు నెలలు కీమో మందు డ్రిప్పులు ఎక్కించుకోవాలంటున్నారు. గడ్డ తీసేశారు కదా, ఇంకెందుకు? నేను ఎక్కించుకోను. పడ్డది చాలు. ఒక్క మాటకు మాత్రం జవాబు కావాలి. ఓదార్పులు వద్దు. జూన్‌లోనే చేరి ఉంటే ఈ సంచి తప్పేదా? డాక్టరును అడగడానికి నోరు రావడం లేదు.

ఉత్తరం కొట్టుకే రాయి, రేపోమాపో ఊరికి వెళ్తున్నాను; జూన్ సంగతి మీ అత్తయ్యకు ఇంకా తెలియదు. మీ అత్తయ్య నా రిపోర్టులు కూడా చూడదు, అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి.

జయరావు

హైదరాబాదు,
10 మార్చి 2025.

మామయ్యా,

బహుశా తప్పేది. నువ్వు కవర్లో పెట్టిన జూన్ నాటి స్కానింగు కాగితాలు మాతో కలిసి పనిచేసే క్యాన్సర్ డాక్టర్‌కు చూపించాను. ఖాయంగా చెప్పలేమని ముందే అన్నారు. కానీ అప్పుడు గడ్డకూ కండరానికీ మధ్య చోటు ఉందని, సంచి పెట్టినా తర్వాత తీసేసేవాళ్లని అన్నారు. ఓదార్పు వద్దన్నావు, అందుకే ఉన్నది రాశాను.

మా సంగతి కూడా విను. రెండో విడత ఎలుకల్లో మొదటి విడతంత ఫలితం రాలేదు. బుడగలు ఎందుకు తొందరగా కారిపోతున్నాయో తెలియక సారూ నేనూ రోజూ పోట్లాడుకుంటున్నాం. మళ్లీ మొదటి నుంచి చేయాలి. నువ్వు ఎదురుచూసిన మందు ఇది. నువ్వు జూన్ నుంచి అక్టోబరు దాకా కూర్చున్నది దీని కోసం. నాకు రాత్రి నిద్ర పట్టదు, నీ మీద కోపంతో పట్టదు, నా మీద కోపంతో పట్టదు.

డ్రిప్పు ఎలుకల మందు కాదు. వేలమంది మనుషులకిచ్చి చూసి, నీలాంటి వాళ్లలో జబ్బు తిరగబెట్టకుండా కొంత ఆపుతుందని తేల్చారు. గడ్డ తీశారు సరే, కంటికి కనపడని గింజలు ఎక్కడన్నా మిగిలి ఉంటే వాటికోసం. అప్పుడు లేని మందు కోసం ఉన్న వైద్యాన్ని వదిలావు. ఇప్పుడు ఏ మందు కోసం వదులుతున్నావు? ఇంకోసారి నాకు ఇలాంటి ప్రశ్న రాయొద్దు. జవాబు రాయడం నా వల్ల కాదు.

షారోన్

గుంటూరు,
29 మార్చి 2025.

షారోన్‌కు,

మాటలు నావి, దస్తూరి మీ అత్తయ్యది. కుడి చేతికి సూది పెట్టారు, కదపొద్దన్నారు. ఇక్కడ వార్డులో ఏసీ చల్లదనానికి కాళ్లు కొంకర్లు పోతున్నాయి. పక్క మంచం ఆయన తుళ్లూరు నుంచి వచ్చాడు, పొద్దుటి నుంచి రాజధానిలో ప్లాట్ల ధరలు చెబుతూనే ఉన్నాడు. మిరపకాయలు కల్లాల్లో ఉన్నాయి, ఈ రోజుల్లో కొట్టు మూసిపెట్టడం ఇదే మొదలు.

నీ ఉత్తరం చదివాక చాలా రోజులు నీతో మనసులోనే కొట్లాడాను. గెలవలేక వచ్చి చేరాను. నీ మీద కోపం పోలేదని రాయమంటున్నాను, ఆమె రాస్తోంది. కోపం ఎక్కువగా నా మీదే. జూన్‌లో డాక్టరు తేదీ రాసిచ్చినప్పుడే వచ్చి చేరి ఉంటే సంచి ఈపాటికి తీసేసేవాళ్లు. క్యాన్సరని తెలిసి కూడా నాలుగు నెలలు కొట్లో కూర్చున్నాను.

అమ్మాయ్, ఇక్కడి నుంచి మాటలు కూడా నావే, క్రిస్టీనా అత్తయ్యను. నువ్వు ఫోను చేయడానికి కొద్ది రోజుల ముందే ఆయనకూ తెలిసిందనుకున్నాను. పైన రాసిన జూన్ మాట నాకు ఇప్పుడే తెలిసింది. చెప్పి అటు తిరిగి పడుకున్నాడు. నా మొహం చూసి చెప్పలేక నా చేతే రాయించుకున్నాడు.

మొలలన్నాడని ఆ వేసవిలోనే ఇంట్లో కారం మానేశాను. ఆయన ఒక్కడూ చప్పిడి తింటే బాధపడతాడని నేనూ అదే తిన్నాను. కంచం ముందు కూర్చుని రోజూ బాగుందనేవాడు. బాగోలేదని ఒక్క రోజైనా నాతో పోట్లాడి ఉంటే, నేను ఏదో ఒకటి అడిగేదాన్ని.

నువ్వు కూడా నాకు సగమే చెప్పావు. అది తర్వాత మాట్లాడుకుందాం. ఆయన సంచి నిండింది, నర్సు వచ్చేలోపు నేనే మార్చేస్తాను. అది అయ్యాక ఆయన్ని ఇటు తిప్పి జూన్ సంగతి అడుగుతాను.

క్రిస్టీనా